చెఱపెట్టినవాని ఋణము

పరులను హింసింపరాదని యెల్లరు నెఱుగుదురు. కాని పరులను మన యధీనమున నుంచుకొన్న పిమ్మట హింసింపకుండుట మాత్రమే చాలునా, లేక యంతకు మించిన ఋణ మేదేని మనపై బడునా యని ప్రశ్నించుకొనువారు తక్కువ. ఈ ప్రశ్న కారాగృహముల విషయమునను, పాఠశాలల విషయమునను ఎంత నిజమో, మేజాపై నుంచిన గాజుసీసాలోని పురుగు విషయమునను అంతే నిజము. పెద్ద సంగతులను గూర్చి తర్కించునపుడు మన పక్షపాతములును స్వప్రయోజనములును అడ్డువచ్చును. పురుగు మనలను పొగడదు, తెగడదు. దానివలన మనకు లాభము లేదు, భయమును లేదు. కావున ధర్మమును వడగట్టి చూచుట కిట్టి చిన్న ఉదాహరణమే మేలని మాకు తోచినది. అదియుగాక యీ ఉదాహరణమున దోషి మేమే. ఇతరుల తప్పును వెదుకు శ్రమయు తప్పినది.

గడచిన వర్షాకాలమున మా తరగతి బాలు డొకడు గాజుసీసాలో నొక గొల్లభామను పట్టి తెచ్చెను. ఈ పేరును కొందఱు పచ్చమిడుతకును వాడుదురు. మేము చెప్పునది, ముందుకాళ్లు రెండును ముడిచి, కొమ్మపై కదలక మెదలక, నమస్కరించుచున్నట్లు నిలుచునట్టి, మూడుమూలల ముఖము గల వేటపురుగు. గ్రీకులు దీనిని మాంటిస్ అనిరి. ఆ మాటకు జోస్యుడని యర్థము. ఇంగ్లీషువా రా పేరునకు ముందు 'ప్రార్థించు' నను విశేషణమును చేర్చిరి. మన కది ప్రార్థనవలె కనబడును గాని, నిజమున కది వేటకు సిద్ధమైన భంగిమ. ఆ ముడిచిన కాళ్ల లోపలివైపున ముళ్ల వరుస లుండును. ఈగ దగ్గఱకు వచ్చినంతనే కనుఱెప్పపాటులో నవి చాచుకొని, బిగించి పట్టును. భంగిమను చూచి గుణమును నిర్ణయించుటలో మనుష్యు లెంత తొందరపడుదురో యీ పేరే చెప్పుచున్నది.

"మాస్టారూ, దీనికి చాల కోపమండీ, చూడండి" అని యా బాలుడు సీసాపై వ్రేలితో తట్టెను. పురుగు వెనుకకు వాలి, ముందుకాళ్లు పైకెత్తి విప్పి, పొట్టను పైకి వంచి, ఇటునటు నూగసాగెను. బాలు రందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. మఱల తట్టుమని మేము చెప్పలేదు. కాని వలదనియు చెప్పలేదు. సాయంకాలము మా కుమార్తెకు చూపవలెనని యా సీసాను మా యింటికి తీసికొనిపోయితిమి.

ఆ బాలుడు కోప మన్నది కోపము కాదు, భయము. పురుగు తానున్న దానికంటె పెద్దదిగా కనబడి, తన్ను తినవచ్చిన జంతువును వెఱపించుటకు చేయు ప్రయత్న మది. పెద్ద గొల్లభామ యైనచో ఱెక్కలను గూడ విసనకఱ్ఱవలె విప్పును. ఇది కఱచుటకు ముందు చేయు గర్జన కాదు. కఱవనక్కఱ లేకుండ చేసికొనుటకు పడు పాట్లు. దానికి దారి దొరికినచో పాఱిపోవును. సీసాలో దారి లేదు. కావున భయము మిగిలినది, పరుగు మాత్రము లేకపోయినది.

దీని జ్ఞానేంద్రియములను గూర్చి యెఱిగినచో మనము చేసిన పని యెట్టిదో తెలియును. గొల్లభామకు పెద్దకన్నులు రెండును, నడుమ చిన్నకన్నులు మూడును, వెరసి అయిదు కన్నులు. తలను భుజములమీదుగా వెనుకకు త్రిప్పి చూడగలదు. 2016లో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమున శాస్త్రజ్ఞులు దీని కన్నులకు తేనెమైనముతో చిన్న అద్దము లంటించి, తెరపై బొమ్మలు చూపి, ఇది మనవలెనే రెండుకన్నుల చూపును కలిపి దూరమును కొలుచుకొనునని నిరూపించిరి. దీనికి గల చెవి యొక్కటే; అదియు తలపై గాక, ఱొమ్ము క్రిందిభాగమున నడుమ నున్నదని యేగర్, హోయ్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు 1986లో ప్రకటించిరి. గబ్బిలములు చీకటిలో చేయునట్టి, మన చెవికందని సూక్ష్మధ్వనులను ఆ చెవి వినును. ఇక అది నిలిచిన చోటి యదరును కాళ్లతోనే గ్రహించును. ఇట్టి ప్రాణిని గాజులో నుంచి, నాలుగువైపులను కన్నులు నిలిపి, గాజుపై వ్రేలితో కొట్టుట యనగా నేమి? మనలను నొక గదిలో మూసి, ఆ గది గోడలను కొండంత మనిషి గుద్దుచున్నట్లు. అప్పుడు మనము చేతులెత్తినచో మనకును కోపిష్ఠి యని పేరు వచ్చును.

కావున కలతపడిన ప్రాణిని శాంతపఱచుట యనగా దాని నణచుట కాదు. కలతకు కారణమైనదానిని తొలగించుట. ఆ రాత్రి మా కుమార్తె యెవరును చెప్పకయే సరియైన పని చేసినది. సీసాపై పలుచని గుడ్డ కప్పి, దీపమునకు దూరముగా నుంచి, "నాన్నగారూ, దీనిని కొంచెముసేపు చూడకుండ ఉందాము" అన్నది. అరగంట గడచునప్పటికి పురుగు కాళ్లు ముడిచికొని స్థిమితపడెను. తరువాత మేము నేర్చికొన్నదంతయు నీ మాటకు వ్యాఖ్యానమే. పైనుండి చేయి దింపరాదు. పక్షి పైనుండియే వచ్చును గదా. చేతిని దాని యెదుట క్రిందుగా చాచి, వెనుకనుండి గడ్డిపోచతో మెల్లగా తాకినచో తానే చేతిపై కెక్కును. పైకెక్కుట దాని స్వభావము. పట్టుకొన్న చోటినుండి లాగరాదు; లాగినచో కొమ్మను పట్టిన కాలివ్రేళ్లు తెగును. ముఖమున ఊదరాదు. అది చేతులెత్తినపుడు మన చేతిని వెనుకకు తీసికొని, నిలిచి, వేచియుండవలెను. వేచియుండుటయే యిందులో ముఖ్యవిద్య.

ఇంతవఱకు మాకు తప్పు లేదనిపించినది. తప్పు తరువాత జరిగినది.

పురుగును సీసాలోనుండి యొక ప్లాస్టికు డబ్బాలోనికి మార్చితిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. మా బల్లపై పుస్తకముల ప్రక్కన సరిగా నమరెను. గొల్లభామ పెరుగుచున్న వయసున పలుమాఱులు కుబుసము విడుచును. విడుచునపుడు పైకప్పును వెనుకకాళ్లతో పట్టుకొని తలక్రిందుగా వ్రేలాడి, ప్రాతచర్మము వీపున చీలగా, మెల్లమెల్లగా క్రిందికి జాఱుచు వెలుపలికి వచ్చును. అప్పుడు దాని దేహము వెన్నవలె మెత్తన. అందులకు దాని పొడవునకు మూడురెట్లయినను ఎత్తు కావలెను. మా డబ్బా రెండురెట్లును లేదు. పైకప్పు నున్నని ప్లాస్టికు. గోళ్లు నాటుకొనుటకు గరుకు లేదు. మఱియు మేము ఆహారమని వేసిన కీచురాయి యొకటి యడుగున నట్లే యున్నది. పురుగు మూడుదినములనుండి యేమియు తినకుండెను. ఱెక్కల మొలకలు ఉబ్బియుండెను. ఇవి కుబుసమునకు ముందు గుఱుతు లని మేమెఱుగము, ఎఱుగవలెనని ప్రయత్నింపనులేదు. అలిగినదనుకొంటిమి.

తెల్లవాఱి చూచునప్పటికి పురుగు సగము ప్రాతచర్మముతో అడుగున పడియున్నది. ఱెక్కలు నలిగి ముద్దయైనవి. నడిమికా లొకటి వంకరగా గట్టిపడినది. కీచురాయి వెనుకకాలి కొనను కొఱుకుచున్నది. మా గృహిణి కీచురాయిని తీసివేసి, డబ్బాను చేతనెత్తి చూచి, "ఏమండీ, ఈ డబ్బాను దాని పొడవునకు కొలిచి తెచ్చితిరా, మన బల్లమీది చోటునకు కొలిచి తెచ్చితిరా?" అని యడిగెను. మేము ప్రత్యుత్తర మియ్యలేదు. ఇరువది సంవత్సరములకు పైగా పిల్లలకు నీతిపాఠములు చెప్పినవారము. మా నీతిని యింత చక్కగా కొలిచిన ప్రశ్నను మే మెన్నడును వినియుండలేదు.

పసితనమున కాలు పోయినచో తరువాతి కుబుసములతో అది కొంతకొంతగా మఱల మొలచును. ఇది కడపటి కుబుసము. ఇక మొలవదు, ఱెక్కలు విచ్చవు. దానిని మఱల కంచెపై విడుచుట కృపగా కనబడును గాని, ఎగురలేనిదానిని, సరిగా పట్టు దొరకనిదానిని పక్షులకును చీమలకును అప్పగించుటయే యగును. చెఱనుండి విడుదల చేయుట కూడ నిప్పుడు మా చేతిలో లేకపోయినది. బంధించిననాడు మేము తీసికొన్న ఋణ మంతటిదని యప్పుడు తెలిసినది.

మహాభారతమున మాండవ్యుని కథ యున్నది. చేయని నేరమునకు శూలమెక్కిన యా మహర్షి యమధర్మరాజు నడుగగా, నీవు చిన్ననాడు పురుగులను పుల్లలతో గ్రుచ్చితివి, దాని ఫల మిది యని యతడు చెప్పెను. అల్పదోషమునకు ఘోరదండన మేమని మహర్షి కోపించి, యముని మానవజన్మ మెత్తుమని శపించెను. ఆ జన్మమే విదురుడు. ఇకమీదట పదునాలుగేండ్ల లోపు చేసినదానికి పాపము లేదని మర్యాదయు నేర్పఱచెను. ఈ కథను విన్నవారు కొందఱు పురుగునకై యింత శిక్షయా యని యముని తప్పుపట్టుదురు. కొందఱు బాలుర దోషము దోషము కాదని సంతోషింతురు. మాకు తోచిన దింకొకటి. బాలునికి పాపము లేకుండుట న్యాయమే. కాని పురుగునకు బాధయు లేకపోయెనా? బాలునిపై వేయని భార మెవరిపై బడవలెను? వాని దాపున నిలిచి, వయసున పెద్దవాడై, నవ్వుచు చూచినవానిపై. తూనీగ తోకకు దారము కట్టి యెగురవేయు పిల్లవానిని చూచి, "పిల్లలాటలే" యని దాటిపోవు మన మందఱము నా లెక్కలోనివారమే.

ఇందులకు చెప్పబడు ఆక్షేపణలను విచారింతము. మొదటిది: పురుగునకు బాధ యుండునా? ఈ విషయమున శాస్త్రజ్ఞు లింకను ఏకాభిప్రాయమునకు రాలేదు. 1789లో ప్రకటింపబడిన తన గ్రంథమున బెంథాం అను ఇంగ్లీషు తత్త్వవేత్త, ప్రాణికి తర్కము వచ్చునా, భాష వచ్చునా యనుటకంటె బాధకు లోనగు శక్తి కలదా యనునదియే మన ధర్మమునకు హద్దు కావలెనని వాదించెను. ఆ హద్దు గొల్లభామకు ఈవలనున్నదో ఆవలనున్నదో మనము రూఢిగా చెప్పలేము. అట్టి సందేహమున నేమి చేయవలెను? ఒకవైపున జానెడు ఎత్తుగల పెట్టె, గజము దోమతెరగుడ్డ, కొంచెము ఓపిక. వేఱొకవైపున నొక ప్రాణి దేహమంతయు. సందేహఫలమును ఎవరికి నష్ట మల్పమో వారు వదలుకొనుట న్యాయము. చట్టము సైతము నీ మార్గముననే నడచినది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషికి ఫలముగా వచ్చిన 1960 నాటి జంతుక్రౌర్యనివారణ చట్టమున, మనుష్యుడు కాక ప్రాణమున్న ప్రతిదియు జంతువే యని నిర్వచింపబడినది. ఎత్తును పొడవును వెడల్పును చాలక కదలుటకు వీలులేని పంజరమున జంతువు నుంచుట క్రౌర్యములలో నొకటిగా చెప్పబడినది. ఆ యక్షరముల లోనికి మా ప్లాస్టికు డబ్బాయు వచ్చుచున్నది.

రెండవ ఆక్షేపణము: ఈగలను కీచురాళ్లను ఎఱగా వేయుచు గొల్లభామపై దయ యనుట కపటము కాదా? ఇది త్రోసివేయదగినది కాదు. గొల్లభామ ఆకులు తినదు. కదలుచున్న ప్రాణియే దాని యాహారము. పొలములో నైనను అది యీగలను తినును. కాని యచట ఈగకు తప్పించుకొను దారి కలదు, వేటతో మాకు సంబంధము లేదు. డబ్బాలో నా దారిని మూసినది మేము. కావున ఈగ యెడలను మాకు కొంత ఋణ మున్నది. దానిని పూర్తిగా తీర్చు మార్గము మాకు తెలియదు. తగ్గించు మార్గము తెలియును. వేడుకకొఱకు కాక ఆకలికొఱకే వేయుట, రెండుమూడు దినముల కొకమాఱు వేయుట, తినకున్నచో వెంటనే తీసి విడిచివేయుట. ఇందువలన రెండు ప్రాణులకును మేలు. మిగిలిన కీచురాయి యేమి చేయునో మేము చూచితిమి.

మూడవది: గొల్లభామ స్వజాతినే తినునట్టి క్రూరజంతువు గదా, దానిపై నింత కరుణ యేల? ఫ్రాన్సు దేశమున ఫాబ్రు అను కీటకశాస్త్రజ్ఞుడు తీగెవల మూతల క్రింద గొల్లభామలను పెంచి, ఆడుది మగదానిని తినుటను వర్ణించెను. ఆ సంపుటము 1897లో వెలువడినది. నాటినుండి దీని క్రూరత్వము సామెత యైపోయినది. ఆయన చూచినది నిజమే. పొలములలో నట్లు జరుగుటయు కలదు. కాని ఆడుదానికి ఆకలి హెచ్చైన కొలది యది హెచ్చునని తరువాతి పరిశోధకులు గ్రహించిరి. ఆకలిగొనిన ప్రాణులను ఇఱుకున నొకచోట మూసి, అవి కొట్లాడగా చూచి, వీని స్వభావమే యింత యనుట చెఱసాల యధికారి ఖైదీల శీలమును వ్రాయుటవంటిది. మాకు మా తరగతియే జ్ఞాపకము వచ్చినది. అఱువదిమందిని నలువదిమంది గదిలో కూర్చుండబెట్టి, మధ్యాహ్నము రెండుగంటల యెండలో వ్యాకరణము చెప్పుచు, వెనుకబల్లవానిని "దుడుకువా"డని యెన్నిమాఱులు వ్రాసితిమో! వాని గుణమును కొలిచితిమా, ఆ గది గుణమును కొలిచితిమా?

కావున ఎవరైన నీ పురుగును కొంతకాల ముంచుకొని చూడదలచినచో, అది చేయరాదని మేము శాసింపము; కాని ఋణమును ముందుగా లెక్కించుకొమ్మని చెప్పుదుము. పెట్టె యెత్తు దాని పొడవునకు మూడురెట్లకు తక్కువ కారాదు, వెడల్పు రెండురెట్లకు తక్కువ కారాదు. పైకప్పునకు మెత్తని వలగుడ్డ బిగింపవలెను. ఇనుపవల కొసలు గోళ్లను చీల్చును. లోపల గరుకుపుల్లలు వాలుగా నిలుపవలెను. అడుగున ఎండుటాకులో గుడ్డయో పఱవవలెను, ఏలయన కడుపునిండిన గొల్లభామ యెత్తునుండి గట్టినేలపై బడినచో మెత్తని పొట్ట పగులవచ్చును. ఒక పెట్టెలో నొకదానినే యుంచవలెను. ఎండ తగులు కిటికీకడ నుంచరాదు. దినమున కొకమాఱు పుల్లలపై నీటిని తుంపరగా చల్లినచో బిందువులను త్రాగును. గాజుగోడల కావల దారి యున్నదని భ్రమపడి కన్నులను గాజునకు రాచికొని నల్లమచ్చలు తెచ్చుకొనును. అట్లు చేయునపుడు గోడలకు లోపలివైపు గుడ్డ కట్టవలెను. ఱెక్కలు వచ్చిన మగది రాత్రివేళ దీపమును చూచి కొట్టుకొనును, దీప మార్పవలెను. తినుట మాని వ్రేలాడుచున్నచో ఆహారమును తీసివేసి, పెట్టెను కదపక, కుబుసము విడిచిన పిమ్మట నొకదినమైన ముట్టకుండవలెను. ఇవి యన్నియు చేయ నోపిక లేనివాడు కంచెకడకు పోయి చూచుట మేలు. అచట చూచుటకు వెల లేదు. ఉంచుకొన్నవాడును, చూచుట ముగిసినపుడు, పట్టిన చోటనే విడువవలెను. అన్యదేశములనుండి తెచ్చిన జాతులను మాత్రము విడువరాదు. వానిని కొన్నవాడు కడవఱకు పోషింపవలసినదే.

మా గొల్లభామ మఱి రెండున్నర మాసములు బ్రతికినది. ఎత్తైన పెట్టెను మా గృహిణి ప్రాత దోమతెరతో కుట్టినది. వేటాడలేని దానికి మా కుమార్తె యీగను పుల్లకొనపై నోటికడకు చేర్చుచు వచ్చినది. మొదటి దినములలో చేతులెత్తి బెదరినది, తరువాత బెదరుట మానినది. దానికి మాపై ప్రేమ కలిగినదని మేము చెప్పము. భయకారణము పోయినది, అంతియే. కార్తికమాసమున నొక ఉదయమున పుల్లను పట్టుకొనియే చచ్చియుండెను. అది దాని జాతికి సహజమైన ఆయువే యని మాకు మేము చెప్పుకొంటిమి. ఆ మాట నిజమే. కాని ఎగురవలసిన ఱెక్కలతో ఎగురకుండ గడచిన మాసములకు ఆ నిజము సమాధానము కాదు.

ఆ బాలుడు మఱియొకదానిని తెచ్చినపుడు మేము సీసాను పుచ్చుకొనలేదు. ఎచ్చట పట్టితి వని యడిగి, బడి వెనుకనున్న తంగేడుపొదకడకు వానితో కూడ పోయితిమి. వానికి చేతి నెట్లు చాపవలెనో చూపితిమి. పురుగు చేతులెత్తెను, వాడు చేతిని వెనుకకు తీసికొని వేచియుండెను. కొంతసేపటికి అది వాని చేతిమీదుగా కొమ్మ కెక్కి, ఆకులలో నాకై కనబడకుండ పోయెను. "కోపము పోయిందండీ" యని వాడనెను. భయము పోయినదని చెప్పి సరిదిద్దితిమి. వ్యాకరణమున నెన్ని తప్పులు దిద్దినను, ఇంతటి యవసరమైన దిద్దుబాటును మేము చేసియుండలేదు.

బలవంతునికి దుర్బలుడు చేయు ఫిర్యాదు మాటలలో నుండదు. వాని కలవరములో నుండును. దానిని కోపమని పేరుపెట్టి నవ్వువాడు తన ఋణపత్రమును తానే చింపివేయువాడు. పత్రము చినిగినను ఋణము తీఱదు.